మట్టిపీట

ఆ పీటలోంచి వచ్చే గొంతు నాదే. ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా ఇప్పుడు నా ముందు ఆ మాట ఎత్తరు.

జిల్లా మట్టి పరీక్షల ప్రయోగశాలలో నేను సహాయకురాలిని. చేలనుంచి వచ్చిన మట్టిని ఆరబెట్టడం, జల్లెడ పట్టడం, సీసాల మీద చీటీలు అంటించడం నా పని. డాక్టర్ సుభాషిణి మా పెద్ద. ఆవిడ మట్టిపీట తయారుచేశాక దానికి మాట కావలసి వచ్చింది. పైనుంచి పంపిన గొంతు వార్తలు చదువుతున్నట్టుంది, రైతులు బెదిరిపోతారని చెప్పి నన్ను మైకు ముందు కూర్చోబెట్టారు.

"కుడి పాదం పెట్టండి. ఎడమ పాదం పెట్టండి. కదలకండి. ఈ చేను మిమ్మల్ని గుర్తుపట్టింది. ఈ చేను మిమ్మల్ని గుర్తుపట్టలేదు." ఈ కాసిని ముక్కలకీ పొద్దంతా పట్టింది. "కసిరినట్టుంది మాణిక్యం, ఇంకొంచెం మెత్తగా" అంటారు ఆవిడ. మా ఇంట్లో అందరం ఇలాగే మాట్లాడతాం మేడమ్ అన్నాను. "మీ నాన్నగారితో చెబుతున్నాననుకో" అన్నారు. మా నాన్నని నేను ఏనాడూ అండీ అనలేదు. అయినా ఆవిడ చెప్పినట్టే అనుకుని చెప్పాను. కుదిరింది. అదే ఉంచేశారు.

పీట అంటే పెళ్ళిపీట కంటే కాస్త పెద్దది, ఉక్కుది. రెండు పాదాల గుర్తులుంటాయి. పక్కనే చేలోంచి తెచ్చిన తడిమట్టి పెట్టడానికి ఓ గిన్నె. మొదటిసారి పరీక్షకి ఎవరూ రాకపోతే మా నాన్న బుల్లియ్యని లాక్కొచ్చాను. ఆయన అప్పటికి రెండేళ్ళుగా గట్టుచేను కౌలుకి చేస్తున్నాడు. మేడమ్ మూడు గిన్నెల్లో మూడు చేల మట్టి పెట్టి, ఏది ఎక్కడిదో నాకు కూడా చెప్పలేదు. నాన్న కాళ్ళు కడుక్కుని పీటెక్కాడు. రెండు గిన్నెలకి ఎర్రదీపం వెలిగింది. మూడోదానికి పచ్చదీపం వెలిగి, "ఈ చేను మిమ్మల్ని గుర్తుపట్టింది" అని నా గొంతు పలికింది. చీటీ తీసి చూస్తే గట్టుచేను.

నాన్న పీట దిగకుండా అలాగే నిలబడ్డాడు. "ఎలా తెలిసిందండి దానికి?" అని అడిగాడు.

"మీ చర్మం మీద కంటికి ఆనని జీవాలుంటాయండీ, ఎవరివి వాళ్ళవే" అన్నారు మేడమ్. "బురదలో దిగినప్పుడు మీవి కొన్ని అక్కడ ఉండిపోతాయి, అక్కడివి కొన్ని మీతో వచ్చేస్తాయి. పంట తర్వాత పంట అలా జరిగితే మీకూ ఆ చేనుకీ పోలిక వచ్చేస్తుంది."

"వియ్యం అందుకున్నట్టన్నమాట" అన్నాడు నాన్న.

మేడమ్ ఎంత మురిసిపోయారో చెప్పలేను. తర్వాత పైవాళ్ళ ముందు మాట్లాడినప్పుడల్లా ఆ వియ్యం మాటే వాడారు.

మా వైపు చేలన్నీ కౌలువే. పాసుపుస్తకం భూమిగల కామందుది, బురద కౌలుదారుది. సర్కారు ఇచ్చే సాగు సాయం పుస్తకం ఎవరిదైతే వాళ్ళ ఖాతాలో పడుతుంది. మునిగిన పంటకి పరిహారం కూడా అంతే. ఆఖరికి కొనుగోలు కేంద్రంలో ధాన్యం తూస్తే చీటీ మీద కూడా కామందు పేరే. మా నాన్న జుట్టు నెరిసేదాకా వరి పండించాడు, రైతు అని ఆయన పేరు ఎక్కడా లేదు. సర్కారు లెక్కలో ఆయన కూలీ. ఈ ముక్క తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకే పీట వచ్చిన కొత్తలో అందరికంటే ఎక్కువ ఎగిరింది నేనే. చేను ఎవరిని గుర్తుపడితే వాళ్ళదే సాయం, గుర్తుపట్టిన రైతుని మూడేళ్ళదాకా ఆ చేనులోంచి కదపకూడదు అని సర్కారు రూలు పెట్టింది.

ఆ వారమే కబురు ఇంటికి పట్టుకెళ్ళాను. నాన్న అన్నం తింటూ విన్నాడు.

"అయితే చీటీ మీద నా పేరు రాత్తారా?"

"రాస్తారు."

"రైతు అనా?"

"రైతు అనే రాస్తారు నాన్నా. ఇంకేమని రాస్తారు?"

ఆయన చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి అలాగే కూర్చున్నాడు. అమ్మ నాగరత్నం రెండుసార్లు కసిరితేగాని లేవలేదు.

మా ఊళ్ళో కామందులకి ఒక అలవాటుంది. ఒక కౌలుదారుని ఒకే చేలో ఎక్కువ కాలం ఉంచరు. ఏడాదికో రెండేళ్ళకో ఈ చేను వాడికీ ఆ చేను వీడికీ మార్చేస్తారు, ఎవడూ నాదే అనుకోకుండా. కాగితం ముక్క ఉండదు, అంతా నోటిమాట. మా కామందు రత్నాజీ గారు పీట సంగతి వినీ వినగానే ఆ ఏడు రెండో పంట, దాళ్వా కోతలు కాకుండానే అందరినీ మార్చేశారు. నాన్నకి గట్టుచేను తీసేసి పర్రచేను ఇచ్చారు. నీళ్ళు నిలిచే పల్లపు చేను, ఎవరూ కోరుకోనిది. గట్టుచేను నాన్నని గుర్తుపట్టి ఏం లాభం? అందులో ఆయన ఇక లేడు. పర్రచేనుకి ఆయనెవరో తెలియదు.

"ఏముంది, దాంట్లోనూ తిరుగుతాను" అన్నాడు నాన్న.

అసలు గొడవ అక్కడే వచ్చింది. నాన్నకి సుగరు. ఎడమ అరికాల్లో చిన్న పుండు లేచి ఎంతకీ మానలేదు. గుచ్చుకున్నా తెలియడం లేదు. బురదలో వట్టికాళ్ళతో దిగొద్దని ఆసుపత్రిలో గట్టిగా చెప్పారు. నేను మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు కొనిచ్చాను. వేసుకున్నాడు కూడా, ఊడ్పులదాకా. తర్వాత ఒక ఆదివారం చేనుకి వెళ్ళి చూస్తే బూట్లు రెండూ రెండు కర్రలకి తగిలించి ఉన్నాయి, పిట్టలు బెదరడానికి. ఆయన బురదలో ఉన్నాడు.

"ఇదేం పని?" అని అరిచాను.

"రబ్బరు తొడుక్కుంటే దానికి నేనెలా తెలుత్తానే? మీ మేడమ్ చెప్పింది నువ్వు వినలేదా?"

చెప్పింది నిజమే, విన్నదీ నిజమే. చేలోకి దిగి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. కాలవలో కాలు కడిగి కట్టు కట్టాను. సోమవారం నేను పనికి వెళ్ళగానే మళ్ళీ దిగుతాడని కడుగుతున్నప్పుడే తెలుసు.

తొలకరి పంట, సార్వా పైరు పొట్టకొచ్చిన రోజుల్లో ఇంకో సంగతి తెలిసింది. నాన్న వారానికి రెండు మూడుసార్లు భీమవరం వెళ్ళి వస్తున్నాడని అమ్మ చెప్పింది. ఎందుకని అడిగితే చెప్పదు. ఒక రోజు సెలవు పెట్టి ఆయన వెంట బస్సెక్కాను. చేతిలో మూతపెట్టిన పెయింటు బకెట్టు. దాన్నిండా పర్రచేను బురద. కండక్టరు ముక్కు మూసుకుని తిట్టుకున్నాడు, టిక్కెట్టు కొట్టాడు.

రత్నాజీ గారిది నాలుగో అంతస్తులో ఇల్లు. హాల్లో సోఫా ముందు నీలంరంగు ప్లాస్టిక్ టబ్బు. ఆయన పంచె పైకి మడిచి అందులో కాళ్ళు పెట్టుకుని టీవీలో క్రికెట్టు చూస్తున్నారు. టబ్బులో పిక్కలదాకా బురద.

"రా మాణిక్యం, కూచో" అన్నారు నన్ను చూసి. ఆయన ఏ రోజూ మమ్మల్ని నిలబెట్టి మాట్లాడే మనిషి కాదు, ఆ మాట చెప్పాలి. "చూశావా మీ మేడమ్ పుణ్యమా అని నా బతుకు. మా ఆవిడ హాల్లోకి రావడం మానేసింది."

"ఇదేం అన్యాయమండీ రత్నాజీ గారూ" అన్నాను.

"అన్యాయం ఏముందమ్మా? ఇవాళ సాయం అంటారు. రేపు చేను కూడా గుర్తుపట్టినవాడిదే అంటారు. మా నాన్న చెమటోడ్చి కొన్నది. నేనెక్కడికి పోను?" ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగా భయపడుతున్నారు. అది చూసి నాకు ఇంకా విసుగొచ్చింది, తిట్టడానికి కూడా వీల్లేకుండా ఉన్నారు.

నాన్న కొత్త బురద టబ్బులో పోసి, పాత బురద బకెట్టులోకి ఎత్తాడు. రత్నాజీ గారి కాళ్ళు నానిన ఆ బురద తీసుకెళ్ళి పర్రచేలో పొయ్యాలి. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు. పోలిక మనిషికీ చేనుకీ మధ్య కదా కుదరాలి, రత్నాజీ గారికెవరో బాగానే చదివి చెప్పారు. మోస్తున్నది మా నాన్న. తను పండిస్తున్న చేనుకి ఇంకో మనిషిని పరిచయం చెయ్యడానికి, పుండు కాలితో, బస్సు చార్జీ తన జేబులోంచి పెట్టుకుని.

తిరిగొచ్చి చేను గట్టు మీద నిలబడ్డాం. నేను బకెట్టు పట్టుకుని వదల్లేదు.

"కాలవలో పారబొయ్యి."

"మాట ఇచ్చేనే."

"నువ్వు పోస్తే ఆయన పేరొస్తుంది. నీకు బుర్ర పనిచేస్తోందా?"

"ఆయన బురద ఆయన పోయించుకుంటన్నాడు. నా కాళ్ళు నాకున్నాయి. ఎవర్ని గుర్తుపడతాదో దానిట్టం." బకెట్టు నా చేతిలోంచి తీసుకుని, వంగి, మొక్కల మొదట్లో జాగ్రత్తగా పోశాడు, పైరు విరక్కుండా. అంత జాగ్రత్త చూస్తే నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి.

మర్నాడు ప్రయోగశాలలో మేడమ్‌కి అంతా చెప్పేశాను. ఆవిడ నమ్మలేదు. సరే చూద్దామని ఇద్దరం ఒక టబ్బులో బురద పోసి, కాపలావాడిని ఒప్పించి నాలుగు రోజులు పగలంతా కాళ్ళు పెట్టించాం. ఆ బురద తెచ్చిన చేనుని అతను కన్నెత్తి చూసింది లేదు. పీట మీద నిలబెట్టాం. పచ్చదీపం. "ఈ చేను మిమ్మల్ని గుర్తుపట్టింది" అన్నాను నేను, పీటలోంచి, మెత్తగా.

"కదలకుండా కూర్చుంటే ఇంకా బాగా అంటుకుంటుంది" అన్నారు మేడమ్ నీరసంగా. "చేలో మనిషి తిరుగుతుంటాడు. నీళ్ళు మారుతుంటాయి. నేను మట్టిని నమ్మాను మాణిక్యం."

"మట్టి బాగానే ఉంది మేడమ్. టబ్బుల సంగతే మనం చూసుకోలేదు."

ఆవిడ పైకి రాశారు. ఫోన్లు చేశారు. స్వయంగా వెళ్ళి రెండు రోజులు వరండాలో కూర్చుని వచ్చారు. రూలు వెలువడిపోయింది, ఏమన్నా ఉంటే వచ్చే ఏడు చూద్దాం అన్నారట. వాళ్ళు సరిచేయించింది ఒక్కటే. పక్క మండలంలో ఇద్దరు బావాబావమరుదులు సాయం చెరిసగం పంచుకుందామని ఒకరి నడుం ఒకరు పట్టుకుని పీట మీద చెరో పాదం పెట్టారట. పీట తికమకపడి ఇద్దరినీ కలిపి ఒక మనిషి అనుకుంది. ఆ కథ విని ప్రయోగశాలంతా పడీపడీ నవ్వాం. ఆ తర్వాత రెండు పాదాలూ ఒకే మనిషివి అయితేనే పరీక్ష ముందుకు సాగేలా పీటని బిగించారు. మోసం ఆపాం అని పేపర్లో కూడా వేయించుకున్నారు.

సార్వా కోతలప్పుడు ఊరి రైతు కేంద్రానికి పీట వచ్చింది. పర్రచేను వంతు వచ్చేసరికి రత్నాజీ గారు కారు దిగి వచ్చి పీట మీద నిలబడ్డారు. పచ్చదీపం వెలిగింది. తర్వాత నాన్న. ఎర్రదీపం. ఈ చేను మిమ్మల్ని గుర్తుపట్టలేదు.

ఇంటికొస్తూ దారిలో అన్నాడు, "నువ్వు అంత మర్యాదగా చెప్పేసరికి కోపం కూడా రాలేదే నాకు."

ఆ మాటకంటే చెంప పగలగొట్టినా బాగుండేది.

అప్పీలు చేసుకున్నవాళ్ళకి దాళ్వా తర్వాత ఇంకోసారి పరీక్ష ఉంటుందన్నారు. ఈలోగా రత్నాజీ గారి కాళ్ళకి దురద పట్టింది. వేళ్ళ సందుల్లో తెల్లగా పాచి, పిక్కల మీద దద్దుర్లు. చర్మం డాక్టరు ఇంకొక్కసారి బురద ముట్టుకుంటే నేను చూడనని తిట్టిపోశాడట. ఆయన టబ్బు పనిమనిషికి ఇచ్చేశారు. "ఇక నీ ఇష్టం బుల్లియ్యా, నావల్ల కాదు" అని నాన్నతోనే అన్నారట. చేను నాన్న ఒక్కడికే మిగిలింది. ఇంక పీట ఎక్కడమే తరువాయి అనుకున్నాను. ఇన్నాళ్ళకి నాకు కాస్త ఊపిరాడింది.

ఆ దాళ్వా అంతా నేను జిల్లా కేంద్రంలోనే ఎక్కువ ఉన్నాను. మిగతా మండలాలకి పీటలు పంపే పని. ఇంటికెళ్ళినప్పుడల్లా నాన్న మంచం మీద పంచె కాళ్ళమీదికి లాక్కుని కూర్చుని ఉండేవాడు. కాలెలా ఉందంటే బాగుంది అనేవాడు. బూట్లు వేసుకుంటున్నావా అంటే ఆఁ అనేవాడు. అమ్మ మొహం తిప్పుకునేది. నాకు చెబితే గొడవ చేస్తానని ఇద్దరూ కూడబలుక్కున్నారు. చివరికి వాసన చెప్పింది. గుమ్మంలో అడుగు పెట్టగానే వచ్చింది. పంచె లాగి చూశాను. పాదం నల్లగా ఉంది.

"నెప్పి లేదే" అన్నాడు నాన్న. "నెప్పుంటే నేనే చెప్పేవోణ్ణి."

నేను అమ్మని తిట్టాను. నాన్నని తిట్టాను. ఆటో దొరకలేదని ఊరిని తిట్టాను. ఆసుపత్రిలో డాక్టరు పరీక్ష చేసి నాతో బయట మాట్లాడాడు. పాదం వదిలేస్తేనే మనిషి దక్కుతాడు అన్నాడు. సంతకం నేనే పెట్టాను. ఎడమకాలు చీలమండకి పైన తీసేశారు.

మత్తు దిగాక నాన్న అడిగిన మొదటి మాట, "పరీచ్చ ఎప్పుడే?"

అప్పీలు రోజున రావద్దని ఎంత చెప్పినా వినలేదు. చంకకర్రల మీద కేంద్రానికి వచ్చాడు. వరసలో ఉన్నవాళ్ళు తప్పుకుని దారిచ్చారు. కేంద్రం చూసే కనకారావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పర్రచేను మట్టి గిన్నెలో పెట్టాడు. అది చెమ్మగా, నల్లగా ఉంది.

"కుడి పాదం పెట్టండి" అంది పీట.

నాన్న నా భుజం పట్టుకుని కుడిపాదం పెట్టాడు. తెర మీద పచ్చగీత పైకి లేచింది. లేచి లేచి పైదాకా వెళ్ళిపోయింది. ఇన్ని మండలాలకి పీటలు పంపాను, ఇన్ని వందల పాదాలు చూశాను, గీత అంత ఎత్తుకి పోవడం నేనెప్పుడూ చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఓహో అన్నారు.

"ఆ పచ్చది ఏంటే?" అన్నాడు నాన్న.

"చేను నిన్ను గుర్తుపట్టింది నాన్నా."

ఆయన మొహం విప్పారింది. "మరి చెప్పదేం?" అన్నాడు.

"ఎడమ పాదం పెట్టండి" అంది పీట.

కనకారావు మీటలన్నీ నొక్కి చూశాడు. "దాటించడానికి లేదమ్మా. మనుషుల చేతికిస్తే మోసం చేస్తారని దీనికి మనిషి పనే లేకుండా చేశారు."

మేడమ్‌కి ఫోన్ చేశాను. విషయం చెప్పాను. "రెండు పాదాల రూలు తియ్యాలంటే పైనుంచి అనుమతి రావాలి మాణిక్యం. అప్పీళ్ళ గడువు ఇవాళ్టితో అయిపోతుంది" అన్నారు. ఏడుస్తున్నారు. మీరు ఏడిస్తే ఏం లాభం మేడమ్ అని ఫోన్ పెట్టేశాను.

"ఎడమ పాదం పెట్టండి."

నాన్న చంకకర్ర రబ్బరు చివర గుర్తు మీద ఆనించాడు. పీట ఊరుకుంది. కర్ర తీసేసి, కట్టున్న కాలు మెల్లిగా దించి, గుడ్డతోనే గుర్తుకి తాకించాడు. పళ్ళు బిగబట్టాడు. ఈసారి నెప్పి తెలిసింది. పచ్చగీత ఒక పక్కన అలాగే నిండుగా వెలుగుతూ ఉంది, రెండో పక్క ఖాళీ.

"పోదాం నాన్నా" అన్నాను. "పద, ఇంక చాలు."

"ఉండవే, సగం ఒప్పుకుందిగా" అన్నాడు. పీట వైపు చూడలేదు, నా మొహంలోకే చూశాడు. "రెండోది కూడా చేలోనే పోయిందని చెప్పవే దానికి. నీ మాటేగా అది, నువ్వు చెబితే వింటాది."

నేను నోరు తెరిచేలోపలే నా గొంతు పలికింది. మెత్తగా, కసురు లేకుండా, మేడమ్ కోరినట్టే, మా నాన్నతో చెబుతున్నట్టే.

"ఎడమ పాదం పెట్టండి."